వెదకవలెను, స్వీకరించవలెను

కోచ్‌లు వస్తారు, పోతారు, ఆర్డిత్ మాబ్రీ మాత్రం ఉంటుంది అని లూడెన్ ఊళ్లో ఒక మాట ఉండేది. హార్గ్రోవ్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆఫీసు ముందుగదిలో ఆమె ఇరవై ఏడేళ్లు కూర్చుంది. అన్నేళ్లలో లోపలి గదిలో ఐదుగురు హెడ్ కోచ్‌లు మారారు. ఒకాయన పెద్ద యూనివర్సిటీ పిలిచిందని బల్ల మీద కాఫీ కప్పు కూడా కడగకుండా వెళ్లిపోయాడు. ఒకాయన్ని ఆటగాళ్ల మార్కులు దిద్దించినందుకు పంపేశారు. మిగతా ముగ్గుర్నీ ఓడిపోయినందుకు పంపేశారు. ఎవరు వెళ్లినా గోడ మీద ఫొటోలు దించి పెట్టెల్లో సర్దేది ఆర్డితే. వాళ్ల ఇంటికి ఫోన్ చేసి, "పిల్లల స్కూలు కాగితాలు తెప్పించి ఉంచాను, మీరు దిగులు పడకండి" అని చెప్పేదీ ఆమే.

సన్నగా, పొడుగ్గా ఉండేది. కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడేది. తండ్రి కలప మిల్లులో కూలి. హైస్కూల్లో టైపు పోటీలో జిల్లాకంతటికీ మొదటి బహుమతి వచ్చింది కాబట్టి మిల్లు గడప తొక్కక్కర్లేకుండా కాలేజీ గడప తొక్కింది. అదే మిల్లులో రంపాలకు పదును పెట్టే క్లెల్ మాబ్రీని పెళ్లి చేసుకుంది. పిల్లలు లేరు. ఆదివారాలు బాప్టిస్టు చర్చిలో పియానో వాయించేది. శనివారం ఆటలో ఎంత ఘోరంగా ఓడినా ఆదివారం పాట వేగం తగ్గేది కాదు.

ఆమె టైపు చేసిన కాగితంలో తప్పు పట్టినవాడు లేడని యూనివర్సిటీ అంతా చెప్పుకునేది. టైపు చేశాక చివరి మాట నుంచి మొదటి మాటకి, వెనక్కి చదివేది. ముందుకు చదివితే అర్థం మోసం చేస్తుంది, కన్ను జారిపోతుంది అనేది. ఆ పేరు వల్లే కోచ్‌ల ఒప్పందాలు టైపు చేసే పని వకీళ్ల ఆఫీసుకు కాకుండా ఆమె బల్ల మీదికి వచ్చేది.

కోచ్ కొలువంతా ఆ కాగితంలోనే ఉంటుంది. పేపర్లో "లక్షా నలభై వేల డాలర్ల కోచ్" అని పెద్దక్షరాలతో వేస్తారు. ఆర్డిత్ నవ్వేది. అందులో రాష్ట్రం ఇచ్చే అసలు జీతం అరవై రెండు వేలు, అంటే కెమిస్ట్రీ డిపార్టుమెంటు పెద్దకంటే తక్కువ. మిగతాది గురువారం రాత్రి రేడియోలో మాట్లాడినందుకు కొంత, ఆదివారం టీవీలో కనబడినందుకు కొంత, ఆటగాళ్ల కాళ్లకు ఫలానా కంపెనీ బూట్లు తొడిగించినందుకు కొంత. కారు ఊళ్లో ఫోర్డు షాపువాడిది, గోల్ఫు క్లబ్బు సభ్యత్వం దాతలది. ఇన్ని ఆటలు గెలిస్తే ఇంత, డిసెంబరు పోటీకి పిలుపొస్తే ఒక నెల జీతం, ఆటగాళ్లలో ఇంతమంది డిగ్రీ పూర్తి చేస్తే ఇంకొంత. తనంతట తాను వెళ్లిపోతే యూనివర్సిటీకి ఆయన కట్టాలి. వాళ్లు తీసేస్తే మిగిలిన కాలానికి ఆయనకు వాళ్లు కట్టాలి. కానీ అసలు జీతం మటుకే. రేడియో డబ్బు మైకుతోపాటే పోతుంది.

"వాళ్లు దీన్ని పెళ్లి పత్రికలా చూసి సంతకం పెడతారు. నేను విడాకుల కాగితంలా చదువుతాను" అనేది ఆర్డిత్.

ఆ ఊరి ఆనవాయితీ ఇంకొకటి ఉంది. కోచ్ వచ్చిన రోజున పత్రికలవాళ్ల ముందు టోపీ పెట్టుకుని, ఒకే ఒక పేజీ మీద సంతకం పెడతాడు. జీతమెంత, ఎన్నేళ్లు, అంతే. అసలు ఒప్పందం ఇరవై నాలుగు పేజీలు. అది తయారయ్యేసరికి ఒక్కోసారి ఆట రుతువు సగం గడిచిపోయేది. అప్పటికి ఆయన ఓడిపోతూ ఉంటే చదివే ఓపిక ఉండదు, గెలుస్తూ ఉంటే చదివే తీరిక ఉండదు.

ఐదో కోచ్ రాయిస్ టిల్లరీ మాత్రం చదివాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలు చెవి మీద పెట్టుకుని, భార్య కోరిన్ చేత పైకి చదివించుకుని విన్నాడు. ఆయనకు ఏజెంటు లేడు. పత్తి మిల్లు ఊరి హైస్కూళ్లలో పద్నాలుగేళ్లు పాఠాలు చెప్పి, పెద్ద కోచ్‌ల కింద పదమూడేళ్లు పనిచేసి, యాభై ఒకటో ఏట మొదటిసారి హెడ్ కోచ్ అయినవాడు. బండగా ఉండేవాడు గానీ గొంతు మెత్తన. ఆఫీసులోకి వస్తూ టోపీ తీసి, "మిస్ ఆర్డిత్, లోపలికి రావచ్చునా?" అని తన గదికి తానే అనుమతి అడిగేవాడు.

ఐదు రుతువులు ఆడించాడు. నాలుగో ఏడు బాగా గెలిచారు. ఐదో ఏడు పదకొండింటిలో మూడే గెలిచారు. 1993 నవంబరులో, ఇంకా రెండేళ్లు ఒప్పందం ఉండగా, క్రీడల డైరెక్టరు కర్టిస్ పెల్ ఆయన్ని పిలిచి అరగంటలో పని ముగించాడు. పెల్ కొత్తగా వచ్చినవాడు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

రాయిస్ పెట్టెలు ఆర్డితే సర్దింది. అప్పటికి ఏడాదిగా కోరిన్‌కు రెండు మూత్రపిండాలూ పనిచేయడం లేదు. సోమ, బుధ, శుక్రవారాలు కోర్టు ఎదురుగా ఉన్న కేంద్రంలో నాలుగేసి గంటలు రక్తం శుభ్రం చేసే యంత్రానికి కట్టేసినట్టు కూర్చోవాలి. రాయిసే కారులో తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. ఉద్యోగం పోవడం ఆ ఇంటికి ఒక రకంగా మేలే అయింది. ఇక రెండేళ్లు జీతం వస్తుంది, ఆమె పక్కన కూర్చోవచ్చు.

అయితే ఆ జీతానికి ఒక మెలిక ఉంది. తీసేసిన కోచ్ ఊరికే కూర్చుని తినకూడదు. వేరే ఉద్యోగం వెదకాలి. దొరికితే అక్కడి జీతం ఎంతో అంత ఇక్కడ తగ్గిస్తారు. వెదకడం మానేస్తే అసలుకే ఆపేస్తారు. నెలనెలా ఎక్కడెక్కడికి అర్జీ పెట్టాడో ఉత్తరం రాసి ఇవ్వాలి. ఆ ఉత్తరం ఆర్డిత్ టైపు చేసేది. అది ఆమె పని కాదని పెల్‌కు తెలుసు, అయినా ఏమీ అనలేదు.

రాయిస్ నెలకు రెండు చోట్లకు అర్జీలు పెట్టేవాడు. రెండూ తనను తీసుకోరని గట్టిగా తెలిసిన చోట్లే. కోచ్‌ల లోకంలో అది కష్టం కాదు. ఏ కుర్చీ ఖాళీ అయినా దానికి అప్పటికే ఒక మనిషి అనుకుని ఉంటాడు. మిగతా అర్జీలన్నీ మర్యాద కోసం. ఎవరు ఎక్కడికి ఖాయమయ్యారో కోచ్‌లు ఒకరికొకరు ఫోన్లలో చెప్పుకుంటారు. ఆ కబుర్లు విని రాయిస్ ఖాయమైపోయిన కుర్చీలకే ఉత్తరాలు రాసేవాడు. ఫిబ్రవరిలో ఐడహోలో ఒక చిన్న కాలేజీకి అలాగే రాశాడు.

తరవాతి మంగళవారం పొద్దున టోపీ తీయకుండానే ఆఫీసులోకి వచ్చాడు.

"మిస్ ఆర్డిత్, కొంప మునిగింది."

"ఏమైంది కోచ్? కోరిన్ బాగానే ఉందా?"

"తనకేం, బ్రహ్మాండంగా ఉంది. నాకే ఉద్యోగం వచ్చింది."

ఆర్డిత్ కళ్లజోడు తీసి గొలుసుకు వదిలేసింది. "ఐడహోనా? అది ఖాయమైపోయిందన్నారుగా?"

"ఖాయమైనవాడికి మొన్న శుక్రవారం ఇంకా పెద్ద చోట ఖాయమైందట. నా ఉత్తరం నచ్చిందట వాళ్లకి. చాలా నిజాయితీగా రాశారు కోచ్ అంటున్నాడు అక్కడి డైరెక్టరు ఫోన్లో."

"అది నేను రాసిందేగా!"

"అదే మరి. ఇంత బాగా ఎవరు రాయమన్నారు మిమ్మల్ని?"

ఇద్దరికీ నవ్వొచ్చింది, ఇద్దరూ నవ్వలేకపోయారు. ఐడహోలో ఆ ఊరికి దగ్గర్లో ఉన్న యంత్రం నూట పది మైళ్ల దూరం. మంచు పడితే దారి మూసేస్తారు. కోరిన్‌ను అక్కడికి తీసుకెళ్లడం కుదరదని డాక్టరు ఒక్క ముక్కలో చెప్పాడు. రాయిస్ వెళితే ఆమెను ఇక్కడే వదిలి వెళ్లాలి. వెళ్లకపోతే జీతం ఆగిపోతుంది. ఆగిపోతే ఆయన ఏ మిల్లులోనో కారు షాపులోనో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పని చూసుకోవాలి. అప్పుడైనా ఆమె పక్కన కూర్చునే మనిషి ఉండడు. ఆమెకు ఎంత కాలం మిగిలిందో ఎవరూ పైకి అనడం లేదు. ఆ మిగిలిన కాలానికి రాయిస్ పక్కనుంటాడా ఉండడా అన్నదే ప్రశ్న.

"కోరిన్ ఏమంటోంది?"

"వెళ్లమంటోంది. బంగాళదుంపలు బాగా దొరుకుతాయట." టోపీ అప్పుడు తీశాడు. "నన్ను కాదనని కాలేజీ లేదండీ ఈ దేశంలో. అన్నీ అయ్యాక ఇప్పుడా ఇచ్చేది? సరే, వస్తున్నానని రాయండి. చేరడానికి గడువెప్పటికో ఒకసారి కాగితం చూడండి."

ఆర్డిత్ ఇనప బీరువాలోంచి ఒప్పందం తీసింది. గడువు పదకొండో షరతులో ఉంటుంది. తీసేసిన కోచ్ సంగతి అంతా అందులోనే. వేలు పెట్టి చదువుతూ ఆగింది. మళ్లీ చదివింది. తరవాత వెనక్కి చదివింది.

మిగతా నలుగురు కోచ్‌ల కాగితాల్లో ఆ వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. "కోచ్ తగిన శ్రద్ధతో వేరొక ఉద్యోగమును వెదకవలెను, లభించినచో స్వీకరించవలెను." ఇందులో "వెదకవలెను" దగ్గర చుక్క ఉంది. ఆ తరవాత పన్నెండో షరతు మొదలైపోయింది.

"కోచ్," అంది. "ఇందులో వెదకమని ఉంది. చేరమని లేదు."

రాయిస్ వంగి చూశాడు. "అంటే?"

"అంటే మీరు వెదికారు. వాళ్లు ఇచ్చారు. మీరు వద్దంటారు. వచ్చే నెల మళ్లీ వెదుకుతారు. ఇక్కడ రాసిందల్లా చేసినట్టే."

ఆయన ఆ చుక్క మీద వేలు పెట్టి చూశాడు. బయటికి వెళ్లేటప్పుడు గుమ్మం తగిలి తల కొట్టుకుంది. అయినా ఆగలేదు, తిన్నగా కారు దగ్గరకు పరిగెత్తాడు.

ఐడహోకు వద్దన్న ఉత్తరం వెళ్లింది. వారం తిరక్కుండా పెల్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది. ఆయన బల్ల మీద ఐదు ఒప్పందాలూ వరసగా పరిచి ఉన్నాయి. పక్కన జాక్సన్ పట్నంలోని వకీళ్ల ఆఫీసు నుంచి వచ్చిన కుర్ర వకీలు లాటిమర్ కూర్చున్నాడు. మర్యాదస్తుడు. ఆమె రాగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చోండమ్మా. చిన్న విషయం. మిగతా నాలుగింటిలోనూ ఉన్న మాట ఒక్క కోచ్ టిల్లరీ దాంట్లోనే లేదు. కావాలని తీసినట్టు ఎక్కడా ఆధారం లేదు. టైపులో జారిపోయిందని మా ఊహ. అది నిజమైతే జడ్జిగారు ఆ మాటను తిరిగి చేర్చేస్తారు. మీరు ప్రమాణం చేసి ఒక్క సంతకం పెడితే చాలు."

కాగితం ముందుకు జరిపాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఇరవై ఏడేళ్లలో ఒక్క తప్పు, ఆర్డిత్," అన్నాడు పెల్. "ఎవరూ నిన్నేమీ అనరు. నేనైతే రోజుకు పది చేస్తాను."

"తెలుసు సార్. దిద్దేది నేనేగా."

లాటిమర్ నవ్వు ఆపుకున్నాడు. పెల్ ఆపుకోలేదు. నవ్వాకే, "శుక్రవారం లోపల ఇవ్వు" అన్నాడు.

అది తప్పేనని ఆర్డిత్‌కు తెలుసు. ఏ రోజు, ఏ గంటకు జరిగిందో కూడా తెలుసు. 1989 సెప్టెంబరు, గురువారం, మధ్యాహ్నం రెండూ నలభై. పాత కోచ్ కాగితం ఎడమ పక్కన పెట్టుకుని, కొత్తది మిషన్లో ఎక్కించి కొడుతోంది. "వెదకవలెను" అన్న దగ్గర ఫోన్ మోగింది. మిల్లు మేస్త్రీ. ఆయన గొంతు వెనక రంపం శబ్దం లేదు. మిల్లు ఆపేశారంటే ఎందుకో మిల్లు ఊళ్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. దుంగలు పేర్చిన గుట్ట జారిందన్నాడు. క్లెల్ రంపానికి పదును పెట్టి బయటికొచ్చి సిగరెట్ వెలిగించుకుంటున్నాడట. ఆమె సంచీ కూడా తీసుకోకుండా లేచి వెళ్లింది.

పదిహేడు రోజుల తరవాత తిరిగొచ్చింది. మిషన్ మీద ఎవరో గుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ తీస్తే కాగితం అక్కడే ఉంది, సగం వాక్యంతో. ఆమె చుక్క పెట్టి పన్నెండో షరతు మొదలుపెట్టింది. ఆ రోజు వెనక్కి చదవలేదు. వెనక్కి చదివే శక్తి ఆ నెలంతా లేదు. నాలుగేళ్లకు పైగా ఆ కాగితం బీరువాలో ఉంది, ఆమె మళ్లీ తీసి చూడలేదు.

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి కోర్టు ఎదురుగా ఉన్న కేంద్రానికి వెళ్లింది. కోరిన్ కిటికీ పక్క కుర్చీలో, చేతికి గొట్టాలతో, ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని కూర్చుంది. మూడో తరగతి టీచరుగా ఇరవై ఏళ్లు చేసిన మనిషి. ఎవర్ని చూసినా ఇప్పటికీ మూడో తరగతి పిల్లల్నే చూసినట్టు చూసేది.

"ఏమే ఆర్డిత్, చేతిలో ఏమిటది? యాపిల్ పైయేనా?"

"నువ్వు తినకూడదు. నర్సుల కోసం తెచ్చాను."

"నాకు చూపించి వాళ్లకిస్తావా? ఎంత దుర్మార్గురాలివే." ఐసు ముక్క ఇంకో బుగ్గకు మార్చింది. "రాయిస్ ఎక్కడ?"

"కారు ఆయిలు మార్పించడానికి వెళ్లాడట. కోరిన్, నేనొకటి అడుగుతాను. నవ్వకు."

"నవ్వితే గొట్టం ఊడుతుంది. అడుగు."

ఆర్డిత్ చెప్పింది. క్లెల్ సంగతి, ఫోన్ సంగతి, చుక్క సంగతి, వకీలు అడిగిన సంతకం సంగతి. పక్కన యంత్రం బుడబుడమంటూ తిరుగుతోంది.

"అయితే నేను ఇన్ని రోజులూ క్లెల్ దయ మీద బతుకుతున్నానన్నమాట" అంది కోరిన్.

"అలా అనకు."

"మరెలా అనమంటావు? చూడవే, నీకేం తోస్తుందో నాకు తెలుసు. పోయి ఆ కుర్ర వకీలు ముందు కావాలనే వదిలేశానని చెప్పొద్దామనుకుంటున్నావు. ఆదివారం మళ్లీ పియానో ముందెలా కూర్చుంటావు? అబద్ధమే ఆడాలనుకుంటే ఇంకా ఎక్కువ కాలం బతికేవాళ్ల కోసం ఆడు. నా కోసం వద్దు."

"పోనీ నిజం చెప్పి సంతకం పెట్టెయ్యనా?"

కోరిన్ కిటికీలోంచి బయటికి చూసింది. కోర్టు ముందు రాయిస్ కారు వచ్చి ఆగుతోంది. దిగి, అద్దంలో చూసుకుని, జుట్టు చేత్తో సర్దుకున్నాడు. లోపల ఉన్నది పెళ్లాం అయినా సరే.

"వద్దే," అంది నెమ్మదిగా. "అదీ వద్దు. నాకు ఆ మనిషి కావాలి."

ఆమె ఏదైనా కావాలని అడగడం ఆర్డిత్ వినడం అదే మొదటిసారి.

శుక్రవారం లాటిమర్ ముందు కూర్చున్నప్పుడు ఆర్డిత్ చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుంది. పెల్ కూడా ఉన్నాడు. కాగితం అదే చోట ఉంది, పెన్ను పక్కనే.

"మిస్టర్ లాటిమర్, ఈ కాగితం మీద ఎన్ని సంతకాలున్నాయి?"

ఆయన తిరగేసి చూశాడు. "నాలుగమ్మా. యూనివర్సిటీ ప్రెసిడెంటుది, అప్పటి డైరెక్టరుది, మా ఆఫీసు వకీలుది, కోచ్‌ది."

"నాది ఉందా?"

"మీది ఎందుకుంటుంది?"

"అదే నేను అడుగుతున్నాను. మీవాళ్లు ముగ్గురు చదువుకున్న పెద్దలు దీన్ని చూసి సంతకం పెట్టారు. కోచ్ టిల్లరీ వంటింట్లో కూర్చుని ప్రతి మాటా పెళ్లాం చేత చదివించుకున్నాడు. అందులో ఏముందో అదే చేశాడు. ఇప్పుడు మీకు నచ్చలేదని నా వేలు జారిందా అని అడుగుతున్నారు."

"అడుగుతున్నాం," అన్నాడు పెల్. "జారిందా, లేదా?"

"నేను అబద్ధం చెప్పను సార్. సంతకమూ పెట్టను."

"రెండూ ఎలా కుదురుతాయి?"

"ఎంత ఇరుకో నాకు తెలుసు. మొన్నట్నుంచి అందులోనే ఉన్నాను."

లాటిమర్ పెన్ను మూత పెట్టాడు. "అమ్మా, కోర్టుకు పిలిపిస్తే మీరు చెప్పక తప్పదు."

"పిలిపించండి. బైబిలు మీద చెయ్యి పెట్టి అంతా చెప్తాను. ఆ రోజు ఏం జరిగిందో, ఎక్కడ ఫోన్ మోగిందో, ఎవరు చేశారో, మిల్లు ఎందుకు ఆపారో. కోరిన్ టిల్లరీ కూడా వింటుంది, ముందు వరసలో కూర్చోబెట్టి తీసుకొస్తాను. పేపరువాళ్లూ వింటారు. అక్కడైతే చెప్తాను. ఇక్కడ తలుపు వేసి, చిన్న విషయం అని పెట్టిన కాగితం మీద మాత్రం చెప్పను."

లాటిమర్‌కు ఏదో అర్థమైంది. తరవాత వారం ఆయన యూనివర్సిటీ ట్రస్టీలకు రాసిన సలహా ఒక పేరానే. జబ్బు మనిషి మొగుడి జీతం ఆపడానికి విధవరాలిని బోనెక్కించి గెలవచ్చు గానీ, ఆ జిల్లాలో గెలిచి బతకలేం అని దాని సారాంశం. ట్రస్టీలు ఓటు వేసి విషయం వదిలేశారు. రాయిస్ జీతం ఆగలేదు.

ఆర్డిత్ కుర్చీ మాత్రం నిలవలేదు. ఒప్పందాలు టైపు చేసే మనిషి మీద నమ్మకం ఉండాలి కదా అని పెల్ ఆమెను కార్ల పార్కింగు అనుమతులిచ్చే ఆఫీసుకు మార్చాడు. భవనం కింది అంతస్తులో ఒక కిటికీ, ఒక ఫ్యాను. జీతం అంతే, పింఛను అంతే. లెక్క ప్రకారం నష్టం లేదు. అయినా ఇరవై ఏడేళ్ల తరవాత తన పెట్టె తనే సర్దుకున్న రోజు, ఇంటికి ఫోన్ చేసి దిగులు పడకు అని చెప్పడానికి ఆమెకు ఎవరూ లేరు. కోరిన్ చేసింది. "అక్కడ పని తక్కువటగా, రోజూ వచ్చి నాకు యాపిల్ పై చూపించు" అంది.

నెలనెలా ఉత్తరాలు మాత్రం ఆగలేదు. వెదకవలెను అన్న మాట ఇంకా ఉంది. ఇప్పుడు వాటిని టిల్లరీల వంటింటి బల్ల మీద ముగ్గురూ కలిసి రాసేవాళ్లు. ఇక ఎవరైనా ఉద్యోగమిస్తారన్న భయం లేదు కాబట్టి కోరిన్ రెచ్చిపోయేది. ఈ నెల హవాయికి రాయండి, సముద్రం ఉంది. ఈ నెల మెయిన్ రాష్ట్రానికి రాయండి, పీతలు బాగుంటాయి. చిన్నచిన్న కాలేజీలు భార్యను కూడా చూస్తాయి, ఆదివారం దాతలకు భోజనం పెట్టేది ఆమే కదా అని, ప్రతి ఉత్తరం చివర ఒక వాక్యం తనే చెప్పి రాయించేది. రెండు చోట్ల నిజంగానే పిలిచారు. రాయిస్ వద్దని రాశాడు. కోరిన్, "మనకి గిరాకీ పెరిగిందయ్యా, గెలుస్తున్నప్పుడు ఎక్కడికి పోయారు వీళ్లంతా?" అని నవ్వింది.

కోరిన్ ఆ తరవాత పద్నాలుగు నెలలు బతికింది. ఏప్రిల్లో, మంగళవారం, యంత్రం లేని రోజున, రాయిస్ వంటింట్లో మొక్కజొన్న రొట్టె మాడబెడుతుంటే గదిలోంచి తిట్టి, ఆ తరవాత తిట్టలేదు. చర్చిలో ఆర్డిత్ పియానో వాయించింది. ఆ రోజు మాత్రం పాట వేగం తగ్గింది. ఊరంతా గమనించింది.

మే నెల రెండో వారంలో రాయిస్ పార్కింగు ఆఫీసుకు వచ్చాడు. కిటికీ ముందు వేసవి తరగతుల విద్యార్థులు వరసలో ఉన్నారు. ఆయన కూడా టోపీ చేత్తో పట్టుకుని వాళ్ల వెనకే నిలబడ్డాడు. వంతు వచ్చాక ఒక కాగితం లోపలికి జరిపాడు.

"చేత్తో రాశాను మిస్ ఆర్డిత్. ఒకసారి చూసి టైపు చేసి పెడతారా? తూర్పు టెక్సాస్‌లో రెండేళ్ల కాలేజీ. హెడ్ కోచ్ కాదు, ముందు లైనులో ఆడేవాళ్లని చూసుకునే పని. ఇది..." టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఇది నిజంగానే కావాలి."

"ఎవరికీ ఖాయం కాలేదా?"

"కనుక్కున్నాను. కాలేదు."

ఆర్డిత్ కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఎన్నాళ్లు పనిచేశాడో, ఎవరి కింద చేశాడో, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అన్ని ఉత్తరాలూ ఒకే అచ్చులో రాయడం అలవాటై, చివరి వాక్యం కూడా అలాగే ఉంది. "మీరు కోరిన రోజున నేనూ, నా భార్య కోరిన్ వచ్చి చేరుటకు సిద్ధంగా ఉన్నాము."

వేలు దాని మీద ఉంచింది. రాయిస్ ఆ వేలు వంక చూశాడు. ఆయన పెదవులు ఆ వాక్యాన్ని నెమ్మదిగా చదివాయి.

"నెలనెలా రాసి రాసి..." అన్నాడు.

"పరవాలేదు కోచ్."

"తీసేయాలి కదండీ?"

"మీరు చెప్తే తీస్తాను. చెప్పకపోతే తీయను."

వెనక ఒకమ్మాయి కారు తాళాలు ఆడిస్తోంది, తరగతికి ఆలస్యమవుతున్నట్టు. రాయిస్ వెనక్కి తిరిగి ఆమెతో, "ఒక్క నిమిషం తల్లీ" అన్నాడు. ఆ నిమిషం నిజంగానే నిమిషం పట్టింది.

"తీయండి" అన్నాడు.

ఆర్డిత్ పెన్సిలు తీసుకుంది. "నా భార్య కోరిన్" మీద ఒక సన్నటి గీత గీసింది, కింద అక్షరాలు కనిపించేటట్టే. "నేనూ" దగ్గర దీర్ఘమూ కామా కొట్టేసింది. వాక్యం చివరికి వచ్చి, "ఉన్నాము" లో "ము" తీసి "ను" పెట్టింది. తరవాత ఆ వాక్యాన్ని చివరి నుంచి మొదటికి, ఒక్కొక్క మాటే, వెనక్కి చదివింది.